బొమ్మ మీద సున్నుండ పెట్టరాదు

ప్లేటుకు ముఖం ఒకటి, వీపు ఒకటి ఉంటాయి. ముఖం చూసి కొనేవాళ్లు కొత్తగా కాపురం పెట్టినవాళ్లు. వీపు తిప్పి చూసి, వేలి కణుపుతో కొట్టి, మోత విని కొనేవాళ్లు అప్పటికే రెండు మూడు సెట్లు పగలగొట్టుకున్నవాళ్లు. గడియారస్తంభం సెంటర్లో ముప్పై నాలుగేళ్లుగా పింగాణీ కొట్టు నడుపుతున్నాను కాబట్టి ఈ రెండు రకాలనూ గుమ్మంలోనే పోల్చుకోగలను. ప్లేటును ఫైలులో చూసి కొనే మూడో రకం ఒకటుందని మాత్రం మొన్న వేసవిలోనే తెలిసింది.

కొట్టు నా చేతికిచ్చేటప్పుడు మా నాన్న చెప్పిన వ్యాపార రహస్యం ఒక్కటే. "బొమ్మ అంచుకే ఉండాలిరా. నడుమ జాగా తినేవాడిది. దాని జోలికి పోయావంటే సరుకు గోడకెక్కుద్ది గానీ బల్ల మీదికి రాదు." ఆ మాట తప్పి నేను లాభం చూసింది ఒక్కసారే. ఆ లెక్కే ఇది.

ఏప్రిల్ మొదటి వారంలో జిల్లా అతిథి గృహం సూపరింటెండెంటు త్రివిక్రమరావు గారు కొట్టుకు వచ్చారు. వెనకే వంటమనిషి అంకమ్మ, చేతిలో ఖాళీ సంచితో. త్రివిక్రమరావు గారు మాట్లాడుతుంటే పక్కన ఎవరో కూర్చుని రాసుకుంటున్నట్టు ఉంటుంది.

"శెట్టిగారూ, విషయమేమనగా, జూన్ మాసంలో రాష్ట్ర ఆతిథ్య పరిశీలక బృందం మన అతిథి గృహమును సందర్శించి శ్రేణి నిర్ణయించనున్నది. సదరు బృందమునకు తీపి పదార్థము వడ్డించుటకై నలభై ఎనిమిది అలంకృత పళ్లెరములు అవసరమై ఉన్నవి."

"స్వీటు ప్లేట్లా అండీ?"

"వాడుకలో అలా అందురు."

మూడు రకాలు తీసి బల్ల మీద పరిచాను. ఆయన దేన్నీ ముట్టుకోలేదు. అంకమ్మ మాత్రం చేయి చీరకు తుడుచుకుని ఒకటి ఎత్తింది. చుట్టూ సన్నటి నీలం తీగ, నడుమంతా తెలుపు. కణుపుతో టంగుమని కొట్టింది. బోర్లించి వీపు నిమిరింది.

"ఇది తీసుకోండయ్యా. ఈపు చూడండి ఎంత నున్నగుందో. అడుగున గట్టు కూడా ఎత్తుగా ఉంది."

"అంకమ్మా, పళ్లెరము యొక్క వెనుక భాగము ఎంపిక ప్రక్రియలో పరిగణనలోనికి రాదు," అన్నారు త్రివిక్రమరావు గారు.

అంకమ్మ ప్లేటు జాగ్రత్తగా కింద పెట్టింది. ఆమె పంతొమ్మిదేళ్లుగా ఆ వంటింట్లో రోజుకూలి. వచ్చే మార్చికి అరవై నిండుతాయి. పర్మినెంటు చేయమని పెట్టుకున్న ఫైలు పైకి వెళ్లినప్పుడల్లా ఒక కొర్రీతో కిందికి వచ్చేది. చివరిగా వచ్చిన కొర్రీ ఇది: "ఈమె వంట బాగుండునని తెలుపు లిఖితపూర్వక ఆధారము లేదు." నిజమే. పంతొమ్మిదేళ్లలో ఎందరో పెద్దవాళ్లు వచ్చారు, లొట్టలేసుకుంటూ తిన్నారు, పోతూ పోతూ సందర్శకుల పుస్తకంలో దోమల గురించి రాసి పోయారు.

"ఈసారి వచ్చేటోళ్లు ఒక్క ముక్క రాస్తే చాలంట శెట్టిగారూ," అంది ఆమె, సూపరింటెండెంటు గారు ఫోనులో మాట్లాడుతూ మెట్లు దిగాక. "సున్నుండ బాగుందని. తిన్నాక రాయకుండా పోతారా?"

"నీ సున్నుండ తిన్నవాడు ఆస్తి రాయమన్నా రాస్తాడు," అన్నాను.

ఇది ముఖస్తుతి కాదు. మినుములు పొట్టుతోనే దోరగా వేయించి, తిరగట్లో విసిరి, ముదురు బెల్లం కొట్టి, అప్పుడే కాచిన నెయ్యి పోసి నిమ్మకాయంత చేస్తుంది. నోట్లో పెట్టుకున్నవాడు మాట్లాడాలంటే కాసేపు ఆగాలి. వాళ్ల సూపరింటెండెంటు గారు క్లుప్తంగా ఉండటం నేను చూసింది ఆ సమయంలోనే.

నీలం తీగ ప్లేటుతో పని అయిపోవలసింది. కానీ ప్లేట్లు జిల్లా ప్రగతిని ప్రతిబింబించాలని పైనుంచి ఒక ఉత్తర్వు ఉందట. దాంతో పళ్లెరముల ఎంపిక కమిటీ ఏర్పడింది. ప్రత్యేకాధికారిణి సుభాషిణి గారు అధ్యక్షురాలు. పన్నెండు శాఖల అధికారులు సభ్యులు. నేను ఆహ్వానిత సాంకేతిక నిపుణుణ్ని. తలుపు పక్కన కుర్చీ వేశారు.

మొదటి సమావేశంలో పశుసంవర్ధక శాఖ ప్లేటు మీద వేయడానికి ఎద్దును ఇచ్చింది. ఏకగ్రీవం. అప్పుడు వ్యవసాయ శాఖవారు, ఎద్దు ఎవరి పొలంలో నిలబడిందని అడిగి మిరపకాయ ఇచ్చారు. నీటిపారుదల శాఖ ఆనకట్ట ఇచ్చింది. పదకొండు తలుపులూ కనిపించాలన్నారు, తొమ్మిది వేస్తే మిగతా రెండూ ఏమయ్యాయని విచారణ వస్తుందట. విద్యుత్ శాఖ ట్రాన్స్‌ఫార్మరు. మత్స్యశాఖ రొయ్య, మీసాలతో సహా. ఆరోగ్యశాఖ సూది. పోలీసు శాఖ పతకం గెలిచిన కుక్క.

నేను కాగితం మీద రంగులు లెక్కపెట్టుకుంటున్నాను. బొమ్మను అచ్చువేసి ప్లేటుకు అతికించి బట్టీలో కాల్చడానికి రంగుకు ఇంత అని రేటు. ఎద్దుకు రెండు రంగులైతే కుక్క పతకానికి ఒకటి. నాన్న మాట గుర్తుకు రాకపోలేదు. కానీ నాన్న మాట ఒకటి, రంగులు పద్నాలుగు.

అయిదో సమావేశం నాటికి నడుమ రూపాయి బిళ్లంత జాగా మిగిలింది. అప్పటిదాకా నోరు విప్పని పారిశుద్ధ్య విభాగం అధికారి లేచి నిలబడ్డారు. మర్యాదస్తుడు.

"మేడమ్, మా మరుగుదొడ్డి ఇంకా రాలేదండి."

మిగతా పదకొండు మందీ ఆయన వైపు తిరిగారు.

"స్వీటు ప్లేటు మీదా?" అన్నాడు ఎవరో.

"వంద శాతం లక్ష్యం సాధించిన జిల్లా మనది. వద్దనేవారి పేరు, హోదా మినిట్స్‌లో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

పేరు, హోదా ఉన్నవాళ్లెవరూ వద్దనలేదు. ఖాళీ ఉన్నది నడుమే కాబట్టి మరుగుదొడ్డిని నడుమ వేయాలని తీర్మానించారు.

ఇక్కడే నేను నోరు జారాను. బేరం కుదిరాక మాట్లాడకూడదనేది వర్తకుడికి మొదటి పాఠం. అయినా అనేశాను. "మేడమ్, నడుమ వేస్తే సున్నుండ సరిగ్గా దాని మీదే కూర్చుంటుందండి."

సుభాషిణి గారు కళ్లజోడు తీశారు. పారిశుద్ధ్య అధికారి ముఖం పాలిపోయింది, లక్ష్యం మీద సున్నుండ పెట్టడం లక్ష్యాన్ని కప్పిపుచ్చడమేనట. పోలీసు అధికారి అందుకున్నారు. "మరి మా కుక్క మొహాన సున్నుండ పెట్టి వేళ్లతో చిదుపుకుని తింటే శాఖ గౌరవం ఏం కావాలి?" మిరపకాయ మీద నెయ్యి కారితే దిగుబడి మీద అనుమానాలొస్తాయన్నారు వ్యవసాయం వారు. రొయ్య శాకాహార పదార్థం కింద ఉండటం గురించి మత్స్యశాఖ వారికీ అభ్యంతరాలు ఉన్నాయి.

సాయంత్రానికి మెమో వచ్చింది. "శాఖా చిహ్నములపై ఎట్టి తినుబండారమునూ ఉంచరాదు. ఉల్లంఘించినవారు బాధ్యులగుదురు."

నలభై ఎనిమిది ప్లేట్లూ, పగిలితే ఉంటాయని వేయించిన మరో నాలుగూ కాలి వచ్చాయి. ఒప్పుకోవాలి, అచ్చు బాగా వచ్చింది. రొయ్య మీసం ఒక్కటి కూడా తెగలేదు. నేను బిల్లు రాసి పంపాను. ఇక నాకు సంబంధం లేదనుకున్నాను.

మర్నాడే కబురు. సున్నుండకు చోటు చూపించాలి, నిపుణుడు రావాలి. నేను వెళ్లేసరికి సర్వే విభాగం నుంచి వచ్చిన ఉద్యోగి భూతద్దం, కొలబద్ద పెట్టుకుని ప్లేటు మీద వంగి ఉన్నాడు. రెండు రోజులు కొలిచి నివేదిక ఇచ్చాడు. ప్లేటు విస్తీర్ణంలో అత్యధిక భాగం శాఖల స్వాధీనంలో ఉంది. బొమ్మలకూ బొమ్మలకూ మధ్య ఉన్నది ప్రభుత్వ పోరంబోకు. అందులో దేనిమీదైనా సున్నుండ పెడితే ఆక్రమణ కిందికి వస్తుంది. అయినా ప్రత్యేక అనుమతి మీద, ఎద్దు తోకకూ ట్రాన్స్‌ఫార్మరుకూ నడుమ ఉన్న చోటు కేటాయించవచ్చు. వ్యాసం అయిదు మిల్లీమీటర్లు.

త్రివిక్రమరావు గారు వంటింట్లోకి వెళ్లి అంకమ్మకు ఆ కొలత చదివి వినిపించారు. అంతకు ముందే ఆమె రెండుసార్లు తగ్గించింది. నిమ్మకాయంత ఉన్నది ఉసిరికాయంత అయింది. ఉసిరికాయంత ఉన్నది రేగుపండంత అయింది. ఇప్పుడు అయిదు మిల్లీమీటర్లంటే ఎంతో ఆమెకు తెలియలేదు. నేనే పప్పు డబ్బాలోంచి ఒక మినపగింజ తీసి చూపించాను.

ఆమె గింజను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది.

"మినుములు యేయించి, ఇసిరి, పిండి చేసి, బెల్లం కలిపి, నెయ్యి పోసి, మళ్లీ మినపగింజ చెయ్యమంటన్నారు. దానికి గింజే పెడితే పోలా అయ్యా?"

"మినుము ముడిసరుకు. సున్నుండ తయారీ వస్తువు. రెంటికీ పద్దులు వేరు," అన్నారు త్రివిక్రమరావు గారు.

చేసింది. సూదిమొన మీద నెయ్యి తీసుకుని, చిటికెన వేలితో దొర్లించి, మినపగింజంత సున్నుండలు నలభై ఎనిమిది చేసింది. ఆ పూటంతా పట్టింది. అదనంగా చేసిన ఒకటి నాకిచ్చింది. నోట్లో వేసుకున్నాను. ఏ పంటి సందులోకి పోయిందో తెలియలేదు.

పరిశీలక బృందం రావడానికి నాలుగు రోజుల ముందు రిహార్సలు జరిగింది. కమిటీ అంతా బల్ల చుట్టూ కూర్చుంది. అంకమ్మ పట్టకారుతో ఒక్కో గింజనూ ఎద్దు తోక పక్కన పెట్టింది. పెట్టి చేయి తీసిందో లేదో గింజ కదిలింది. ప్లేటన్నాక నడుమ కాస్త పల్లం ఉంటుంది, పాకం కారిపోకుండా. సున్నుండ ఎద్దును దాటి, ఆనకట్ట ఏడో తలుపు మీదుగా దొర్లి, మరుగుదొడ్డిలో ఆగింది. రెండో ప్లేటులోనూ అంతే. నలభై ఎనిమిదింటిలోనూ అంతే.

త్రివిక్రమరావు గారు రాసుకున్నారు. "సున్నుండ ఎవరి ప్రమేయమూ లేకుండా పారిశుద్ధ్య చిహ్నం దిశగా పయనించుచున్నది."

పారిశుద్ధ్య అధికారి కాస్త గర్వంగా కనిపించారు గానీ బయటపడలేదు.

"అతికించండి," అన్నారు సుభాషిణి గారు.

"మేడమ్, పాకంతో అతికిస్తే గట్టిపడుద్ది. చేతికి రాదండి," అంది అంకమ్మ తలుపు దగ్గర నుంచి.

"రావలసిన అవసరం ఏముంది? అతిథులు వీక్షిస్తారు."

"తినరా అమ్మా?"

త్రివిక్రమరావు గారు అధ్యక్షురాలి తరఫున సమాధానమిచ్చారు. "వడ్డించుట మన విధి. భుజించుట అతిథి యొక్క ఐచ్ఛికము. అతికించిన స్థితిలో సదరు ఐచ్ఛికము ఉత్పన్నము కాదు."

"తినకపోతే బాగుందని ఎట్టా రాస్తారయ్యా?"

ఆ ప్రశ్న ఎజెండాలో లేదు. టీ వచ్చింది.

సాయంత్రం అంకమ్మ కొట్టుకు వచ్చింది. ఎప్పుడూ మెట్ల మీదే నిలబడే మనిషి ఆ రోజు లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను పద్నాలుగు రంగుల లాభం తిన్నవాణ్ని. ఆ రంగుల కింద ఎవరి సున్నుండ నలిగిందో తెలిసి కూడా తిన్నవాణ్ని. ఎదురుగా కూర్చున్న మనిషి వంక చూడటం కష్టమైంది.

"నీలం తీగ ప్లేట్లు నలభై ఎనిమిదీ లోపలున్నాయి. పట్టుకుపో అంకమ్మా. డబ్బులొద్దు."

"యేరే ప్లేటు పెడితే ఆ వంకతోనే పంపించేస్తారు శెట్టిగారూ. వాళ్ల ప్లేటులోనే పెట్టాల. వాళ్ల రూలు పెకారమే పెట్టాల."

నమూనాగా నా దగ్గర ఉంచుకున్న బొమ్మల ప్లేటు ఒకటి బల్ల మీద ఉంది. ఆమె దాన్ని ఎత్తింది. అలవాటుగా కణుపుతో కొట్టింది. అలవాటుగా బోర్లించింది. వీపు నిమిరి, అడుగు గట్టు చుట్టూ వేలు తిప్పింది.

"ఇది ఒక రోజు ఇంటికి తీసుకుపోనా?"

"పో," అన్నాను. సరుకు దేనికని కొనేవాళ్లను అడగకూడదు.

బృందం వచ్చిన రోజు నేను కూడా ఉన్నాను, పగిలితే అందించడానికి అదనపు ప్లేట్లతో. నలభై ఎనిమిది ప్లేట్లకు వచ్చినవాళ్లు ముగ్గురు. పెద్దాయన డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు, నిండైన పొట్ట, దాని మీద గొలుసుకు వేలాడుతున్న కళ్లజోడు. ఉదయం నుంచి గదులు, కుళాయిలు, దిండ్లు చూపించి వాళ్లను అలసట పెట్టి బల్ల దగ్గరికి తెచ్చారు. పన్నెండు శాఖలూ గోడ వెంట నిలబడ్డాయి, ప్లేట్లు రాగానే ఎవరి బొమ్మ గురించి వాళ్లు చెప్పడానికి.

అంకమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. ఒక్కొక్కరి ముందూ ఒక్కో ప్లేటు పెట్టింది.

బోర్లించి పెట్టింది.

పైకి కనిపిస్తున్నది తెల్లటి, నున్నటి వీపు. అడుగు గట్టు ఇప్పుడు చిన్న ప్రహరీలా పైకి లేచి ఉంది. దాని నడుమ, ఎటూ దొర్లకుండా, నిమ్మకాయంత సున్నుండ.

త్రివిక్రమరావు గారి నోరు తెరుచుకుంది. వాక్యం రాలేదు. ఆయన అంకమ్మ దగ్గరికి జరిగి, "ఏమిటిది?" అన్నారు. ఆయన నోట అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"ఏ బొమ్మ మీదా పెట్టలేదు గదయ్యా," అంది అంకమ్మ.

పెద్దాయన సున్నుండ నోట్లో పెట్టుకున్నాడు. ప్రత్యేకాధికారిణి గారు జిల్లా ప్రగతి గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చేయెత్తి ఆగమన్నాడు. కళ్లు మూసుకున్నాడు. గదిలో అందరూ ఆయన దవడ వంకే చూస్తున్నారు. కళ్లు తెరిచి, "ఇంకోటి ఉందామ్మా?" అన్నాడు. అది తిని మూడోది తానే తీసుకున్నాడు.

"పద్దెనిమిది జిల్లాలు తిరిగొచ్చాం. ప్రతిచోటా ప్లేటు నిండా బొమ్మలు. కోట మీద పెట్టుకుని తినాలో నది మీద పెట్టుకుని తినాలో తెలియక చచ్చాం. తెల్లటి ప్లేటు ఇక్కడే చూశాను. ఏ ఊరి సరుకిది?"

అంటూ ఆయన ప్లేటు ఎత్తాడు. కణుపుతో కొట్టాడు. వీపు తిప్పి చూసే రకం మనిషి. తిప్పాడు.

ఎద్దు, మిరపకాయ, పదకొండు తలుపుల ఆనకట్ట, మీసాల రొయ్య, పతకం తగిలించుకున్న కుక్క, అన్నిటి నడుమా తలుపు తెరిచిన మరుగుదొడ్డి. కళ్లజోడు పెట్టుకుని కొంతసేపు చూశాడు.

"అడుగున ఇంత ముద్ర వేశారేంటి? కంపెనీ గుర్తా?"

సరుకు గురించి అడిగితే సమాధానం చెప్పవలసింది వర్తకుడే.

"అవునండి," అన్నాను. "పన్నెండు మంది భాగస్తుల కంపెనీ అండి."

"వాళ్లకు వాళ్ల మీద ప్రేమ కాస్త ఎక్కువే. పోనీ, అడుగునే వేసుకున్నారు," అని మళ్లీ బోర్లించి నాలుగో సున్నుండ పెట్టుకున్నాడు.

సందర్శకుల పుస్తకం తెప్పించుకుని, అంకమ్మ పేరు అడిగి మరీ రాశాడు: "అంకమ్మ చేసిన సున్నుండ వంటిది నేనింతవరకు తినలేదు. ఏ ఆడంబరమూ లేని తెల్లని ప్లేట్లు అన్ని జిల్లాలకూ ఆదర్శం. ప్రథమ శ్రేణి."

వాళ్ల కార్లు గేటు దాటకముందే కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ప్రథమ శ్రేణి వచ్చింది, సంతోషమే. కానీ పద్నాలుగు రంగులకు డబ్బు చెల్లించి కొన్న ప్లేట్లు తెల్లగా ఉన్నాయని రాష్ట్ర బృందం రాతపూర్వకంగా ధ్రువీకరించింది. రేపు ఆడిట్ వాళ్లు, రంగులేవీ అని అడిగితే ఎవరు చెప్పాలి? వడ్డనకు బాధ్యుడు సూపరింటెండెంటు అని ఎవరో అన్నారు. త్రివిక్రమరావు గారు వెంటనే లేచి, వడ్డించినది తాను కాదని, పన్నెండు శాఖలను ఏకకాలమున బోర్లా పడవేసిన అభియోగం కింద వంటమనిషికి చార్జి మెమో ఇచ్చి సస్పెండు చేయాలని కోరారు. ఏకగ్రీవం.

చిక్కు మర్నాడు తెలిసింది. రోజుకూలి మనిషికి చార్జి మెమో ఇవ్వడానికి లేదు. క్రమశిక్షణ నియమావళి పర్మినెంటు ఉద్యోగులకే వర్తిస్తుంది. పనిలోంచి తీసేద్దామంటే, రాష్ట్ర బృందం పేరు పెట్టి మెచ్చుకున్న మనిషిని కారణం లేకుండా తీసేయకూడదు. కారణం రుజువు కావాలంటే విచారణ జరగాలి. విచారణ జరగాలంటే ఆమె ఉద్యోగి అయి ఉండాలి. ఆమె ఉద్యోగి కాకపోతే తప్పు సూపరింటెండెంటు గారిది.

పంతొమ్మిదేళ్లు కదలని ఫైలు మూడు రోజుల్లో కదిలింది. త్రివిక్రమరావు గారే దాన్ని చంకలో పెట్టుకుని బల్ల బల్లకూ తిరిగారు. లిఖితపూర్వక ఆధారం కింద సందర్శకుల పుస్తకంలోని పేజీ నకలు ఆయనే జతపరిచారు.

ఈలోగా నాకు మరో ఆర్డరు వచ్చింది. ఇకపై ఎవరూ తలకిందులు చేయకుండా ప్లేట్ల వీపు మీద కూడా అవే బొమ్మలు వేయాలట, రేటు రెట్టింపు. వీపు మీద అంత బొమ్మ వేయడానికి బట్టీవాళ్లు ఒప్పుకోలేదని రాసి పంపాను. బట్టీవాళ్లను నేను అడగలేదు. ముప్పై నాలుగేళ్లలో వచ్చిన లాభాన్ని గుమ్మంలోంచే తిప్పి పంపింది అదొక్కసారే.

జులై మొదటి వారంలో అంకమ్మ కొట్టుకు వచ్చింది. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఇంకో చేతిలో రెండు కాగితాలు.

"ఏం రాశారో సదివి పెట్టండి శెట్టిగారూ. ఆఫీసులో అడిగితే ఒకళ్లు శుభాకాంక్షలంటారు, ఒకళ్లు అయ్యోపాపమంటారు."

మొదటిది ఒకటో తేదీది. ఆమెను పర్మినెంటు చేశారు. రెండోది రెండో తేదీది. సస్పెండు చేశారు. పన్నెండు శాఖల వాంగ్మూలాలూ తీసుకుని విచారణ పూర్తయ్యేవరకు ఆమె విధులకు హాజరు కానవసరం లేదు. ఆ కాలమంతా సగం జీతం చెల్లించబడును. పన్నెండు వాంగ్మూలాలూ ఆమె రిటైరయ్యే మార్చిలోగా పూర్తవడం జరిగే పని కాదని ఆమెకు చెప్పాను.

"సగం అంటే ఎంతొచ్చుద్ది?"

కాగితం తీసి లెక్క వేశాను. తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. ముప్పై రోజులూ పొయ్యి ముందు నిలబడి తెచ్చుకున్న కూలికి అది రెట్టింపు కంటే కాస్త ఎక్కువ.

ఆ సంగతి చెప్పాను. అంకమ్మ డబ్బా మూత తీసి, నిమ్మకాయంత సున్నుండ ఒకటి నా అరచేతిలో పెట్టింది. తర్వాత రెండో కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, మొదటిదానికంటే లోపల దాచుకుంటూ అడిగింది:

"ఇంకోటేదన్నా తప్పు చేస్తే ఆ మిగతా సగం కూడా ఇస్తారా శెట్టిగారూ?"

నోట్లో సున్నుండ ఉంది. సమాధానం చెప్పడానికి కాసేపు ఆగవలసి వచ్చింది.